పేరొక్కటే, మనుషులం వేరు

మా ఊరు ఎలమంచిలి. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. మద్రాసు - హౌరా రైలు లైను మీద ఉంది. పశ్చిమ గోదావరిలో పాలకొల్లు దగ్గర ఇంకో యలమంచిలి ఉంది. అక్కడ ఏ గొడవ జరిగినా మా ఊరివాళ్లని ఎవరూ సంజాయిషీ అడగరు. ఇక్కడ ఏ మంచి జరిగినా అక్కడివాళ్లకి ఎవరూ దండలు వెయ్యరు. ఊళ్ల విషయంలో ఇంత తెలివి ఉన్న లోకం, మనుషుల విషయంలో, అందులోనూ మా విషయంలో, ఎందుకు తెలివి తప్పుతోంది? ఇదీ మా ప్రశ్న.

ఎలమంచిలి అని ఇంటిపేరున్నవాళ్లు కూడా ఉన్నారు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వాళ్లు కనిపిస్తారు. రాజ్యసభకు వెళ్లిన యలమంచిలి శివాజీ గారు ఒకరు. మా ఊరి పొలిమేర తొక్కకపోయినా ఆ ఇంటిపేరువాళ్లకి పేరు ముందు ఒక ఊరుంది. మేం ఇక్కడే పుట్టాం. ఇక్కడి సంతలో బేరాలాడాం. ఇక్కడి మట్టిలోనే మా తాతల్ని పూడ్చాం. మా పేరు ముందు మాత్రం ఊరు లేదు. షేక్, సయ్యద్, మహమ్మద్, పఠాన్. అంతే. ఊరు లేని పేరు కదా, ఎక్కడిదైనా కావచ్చు అనుకుంటారు. అక్కణ్ణించే మొదలవుతుంది కథ.

మీలో ఎంతమంది రామారావులు లేరు? సినిమాల్లోంచి ముఖ్యమంత్రి అయిన నందమూరి తారక రామారావు ఒకరు. సినిమాలకి దర్శకత్వం వహించిన తాతినేని రామారావు ఒకరు. బొమ్మలు గీసిన ఎస్.వి. రామారావు ఒకరు. మంత్రిగా చేసిన కల్వకుంట్ల తారక రామారావు ఇంకొకరు. ఒక రామారావు చేసిన పనికి ఇంకో రామారావుని మీరెప్పుడైనా నిలదీశారా? లేదు. ఎందుకంటే వాళ్లు మీకు మనుషులుగా కనిపిస్తారు. ముఖం, వృత్తి, ఊరు, కోపం, కంఠం ఉన్న మనుషులుగా. మా పేర్లు వినగానే మాత్రం మీకు ఒకే ఒక్క ముఖం కనిపిస్తుంది. ఆ ముఖానికి గడ్డం కూడా మీరే పెడతారు.

జాకీర్ హుస్సేన్ అనే పేరే తీసుకోండి. ఒక జాకీర్ హుస్సేన్ 1897లో హైదరాబాదులో పుట్టాడు. బెర్లిన్‌లో అర్థశాస్త్రం చదివాడు. జామియా మిల్లియాని ఇరవై ఏళ్లకు పైగా నడిపాడు. గాంధీగారి బేసిక్ విద్యకి ప్రణాళిక తయారుచేశాడు. 1967లో రాష్ట్రపతి అయ్యాడు. 1969 మే 3న పదవిలో ఉండగానే పోయాడు. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చుంది మన తెలుగు వి.వి. గిరిగారే. ఇంకో జాకీర్ హుస్సేన్ 1951లో బొంబాయిలో పుట్టాడు. తబలా వాయించిన అల్లారఖా కొడుకు. తండ్రి పేరుకీ కొడుకు పేరుకీ పొంతన ఉండదు. ఇంటిపేరు మీద నడిచే మీ దరఖాస్తు కాగితాలకి ఇది ఎప్పటికీ అర్థం కాదు. ఆయన 2024 ఫిబ్రవరిలో ఒకే రాత్రి మూడు గ్రామీ అవార్డులు అందుకున్నాడు. ఆ ఏడాది డిసెంబరులోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో కన్నుమూశాడు.

ఒకాయన బడి పంతులు, ఇంకొకాయన తబలా విద్వాంసుడు. ఒకరి చేతిలో సుద్దముక్క, ఇంకొకరి వేళ్ల కింద తోలు. చుట్టరికం లేదు, పరిచయం లేదు. పేరొక్కటే కలిసింది.

తబలా జాకీర్ పోయిన మర్నాడు మా వీధిలో ఒకాయన సైకిలాపి, "మీ జాకీర్ హుస్సేన్ పోయాడంట కదా భాయ్, పాపం" అన్నాడు. మంచివాడే. నిజంగా బాధపడే అన్నాడు. కానీ ఆ "మీ" అన్న మాట మమ్మల్ని రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఆయన తబలా విన్నప్పుడు మీది. ఆయన జుట్టు ఎగిరిన ఆ టీ ప్రకటన చూసినప్పుడు మీది. చచ్చిపోగానే మాది అయిపోయాడా? పరామర్శించడానికి కూడా మమ్మల్ని వేరే వరసలో నిలబెట్టాలా?

ఇక మహమ్మద్ అలీ. మా ఊరి నుంచి రైల్లో దక్షిణానికి కొన్ని గంటలు వెళ్తే కాకినాడ. 1923 డిసెంబరులో అక్కడ కాంగ్రెస్ మహాసభ జరిగింది. దానికి అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీ. పత్రికలు నడిపినవాడు, ఖిలాఫత్ ఉద్యమంలో జైలుకెళ్లినవాడు. ఇంకో మహమ్మద్ అలీ అమెరికాలో బాక్సర్. అమ్మానాన్నలు పెట్టిన కాసియస్ క్లే అన్న పేరు బానిసత్వపు గుర్తు అని 1964లో వదిలేశాడు. 1967లో వియత్నాం యుద్ధానికి రానని చెప్పి, గెలుచుకున్న పట్టం పోగొట్టుకున్నాడు. పేరు మార్చుకున్న ఏళ్ల తర్వాత కూడా అక్కడి పత్రికలు ఆయన్ని పాతపేరుతోనే పిలిచాయి. మనిషి చెప్పుకున్న పేరుని ఒప్పుకోకపోవడం అంటే మనిషినే ఒప్పుకోకపోవడం.

మూడో మహమ్మద్ అలీ కూడా ఉన్నాడు. బారిస్టరు. పూర్తిపేరు మహమ్మద్ అలీ జిన్నా.

ఈ ముగ్గురిలో మా లెక్కలో రాసింది ఎవరిని? కాకినాడ సభని నడిపినవాడిని కాదు. యుద్ధం వద్దన్నవాడిని కాదు. 1947 నుంచి మా తాతల ఖాతాలో, తండ్రుల ఖాతాలో, ఇప్పుడు మా పిల్లల ఖాతాలో రాస్తున్నది ఆ మూడో పేరునే. ఎలమంచిలి వదిలి ఎక్కడికీ వెళ్లనివాళ్లని, వెళ్లిపోయినవాడి పేరుతో అప్పు కట్టమంటున్నారు. గుంటూరులో జిన్నా టవర్ ఉంది. 2022లో దానికి మూడు రంగులు పూశారు. టవర్‌కైతే రంగు పూస్తే సరిపోయింది. మాకు ఏ రంగు పూస్తే సరిపోతుంది?

ఆబిద్ సంగతి చూడండి. హైదరాబాదు వెళ్లిన ప్రతివాడూ ఆబిడ్స్‌లో తిరుగుతాడు. ఆ పేరు ఆరో నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్‌ది. ఆయన ముస్లిం కాదు. అదే నగరంలో పుట్టిన ఆబిద్ అలీ క్రికెటర్. 1967లో అడిలైడ్‌లో మొదటి టెస్టులోనే 55 పరుగులిచ్చి ఆరు వికెట్లు తీశాడు. 1971లో ఓవల్‌లో ఇంగ్లండ్ మీద గెలుపు పరుగు కొట్టాడు. 2025లో పోయాడు. మూడో ఆబిద్, ఆబిద్ హసన్ సఫ్రానీ. అదే నగరం. జర్మనీలో నేతాజీతో కలిశాడు. 1943లో ఆయనతో పాటు జలాంతర్గామిలో ప్రయాణం చేశాడు. తర్వాత రాయబారిగా చేశాడు. కాషాయం రంగుని గుర్తుచేసేలా తన పేరుకి సఫ్రానీ అని తగిలించుకున్నాడు. జై హింద్ అన్న పలకరింపుని అందించినవాడిగా ఆయనకే పేరుంది.

ఆ జై హింద్‌నే ఇవాళ మా నోట అనిపించి పరీక్ష పెడుతున్నారు కదా!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. చూశారా, మేం కూడా ఆ ఉచ్చులోనే పడ్డాం. జాకీర్ హుస్సేన్‌నీ సఫ్రానీనీ జామీను కాగితాల్లా మీ ముందు పరుస్తున్నాం. ఏ ముస్లిం సభ చూడండి, ఇదే పని. గొప్పవాళ్ల జాబితా చదవడం, చప్పట్లు కొట్టించుకోవడం, ఇంటికి పోవడం. గొప్పవాడు ఒకడు ఉంటే తప్ప మిగతావాళ్లకి బతికే హక్కు లేదా? రిక్షా తొక్కే జాకీర్ హుస్సేన్ ఏ అవార్డు చూపించాలి?

మా లౌకిక మిత్రులు కూడా ఇదే తప్పు చేస్తారు. "అబ్దుల్ కలాం లాంటి ముస్లింలు కావాలి" అంటారు. ప్రేమతోనే అంటారు. ఆ కలాంనే, మాజీ రాష్ట్రపతిని, తనిఖీ చెయ్యకూడదన్న నిబంధన ఉండి కూడా 2009లో ఢిల్లీ విమానాశ్రయంలో ఒక అమెరికన్ విమాన సంస్థ సిబ్బంది తడిమి చూశారు. 2011లో న్యూయార్క్‌లో కోటూ బూట్లూ పట్టుకెళ్లి చూశారు. 2009 ఆగస్టులోనే షారుఖ్ ఖాన్‌ని అమెరికాలో విమానాశ్రయంలో ఆపేశారు. తన పేరు వల్లే ఆపారని ఆయనే చెప్పాడు. మరి మీరిచ్చే మంచి ముస్లిం సర్టిఫికెట్ దేనికి పనికొచ్చింది? రాష్ట్రపతి భవన్‌లో పనిచేసినవాడికే పనికిరాని కాగితం, ఎలమంచిలిలో అద్దె ఇల్లు వెతుక్కునేవాడికి పనికొస్తుందా?

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చింది నమాజుకొచ్చినవాళ్లు. పట్టుకెళ్లింది కూడా ముస్లిం కుర్రాళ్లనే. తర్వాత కోర్టులు వాళ్లని నిర్దోషులన్నాయి. కొందరికి ప్రభుత్వమే పరిహారం ఇచ్చింది. పోయిన చదువుకి, పోయిన పెళ్లి సంబంధానికి, వీధిలో పోయిన పేరుకి ఏ ఖజానాలో పరిహారం ఉంది?

ఒక్క పేరు చూడండి, మీ వాదం ఎంత డొల్లో తెలుస్తుంది. మస్తాన్. నెల్లూరు, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో దర్గాకి మొక్కుకుని పుట్టిన పిల్లలకి హిందువులు కూడా ఈ పేరు పెట్టుకుంటారు. మస్తాన్‌రావులు, మస్తాన్‌రెడ్డిలు, మస్తానమ్మలు ఎందరో. రాజ్యసభకు వెళ్లిన బీద మస్తాన్‌రావు ఉన్నాడు. నూరేళ్లు దాటిన వయసులో పొలం గట్టున వంటచేసి ప్రపంచానికంతా చూపించి, 2018లో పోయిన మస్తానమ్మ ఉంది. బొంబాయిలో స్మగ్లింగ్ చేసిన హాజీ మస్తాన్ కూడా ఉన్నాడు. ఆ స్మగ్లర్ గురించి మస్తాన్‌రావుని ఎవరూ అడగరు, మస్తానమ్మని ఎవరూ అడగలేదు. అడగకూడదు కూడా. మరి అదే మస్తాన్‌కి ముందు షేక్ అని తగిలిస్తే చాలు, ఎందుకు అడుగుతున్నారు? అంటే తంటా పేరుతో కాదు. పేరు వెనక మీరు చూస్తున్న మతంతో.

మీకు చెప్పి మేం ఊరుకుంటే అన్యాయం. మా లోపలా ఇదే జబ్బు ఉంది. మస్తాన్, నాగూర్, దస్తగిరి లాంటి పేర్లు అసలైన పేర్లు కావని, మార్చుకోమని మాలో కొందరు పెద్దమనుషులు దూదేకులవాళ్లకి పాఠాలు చెబుతున్నారు. ఈ మట్టిలో పుట్టిన పేర్లని మీరు అనుమానిస్తే వాళ్లు అసహ్యించుకుంటున్నారు. మసీదులో భుజం భుజం కలిపి నిలబడే సయ్యద్, పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి దూదేకుల గడప తొక్కడు. ఇంకోమాట. ఇంతసేపూ మేం చెప్పిన ముస్లిం పేర్లలో ఒక్క ఆడమనిషి ఉందా? లేదు. మా జాబితాలు మగవాళ్ల జాబితాలు. నాదస్వరం వాయించే కాలీషాబీ తన భర్త షేక్ మహబూబ్ సుభానీతో కలిసి 2021లో పద్మశ్రీ అందుకుంది. గుళ్లో మోగే వాద్యం. ఆమె పేరు మా సభల్లో ఎవరైనా చదివారా? మా ఇళ్లలోని బీలు, బేగంలు, ఉన్నీసాలు రేషన్ కార్డు మీద తప్ప ఇంకెక్కడైనా కనిపిస్తున్నారా? మమ్మల్ని మనుషులుగా చూడమని మిమ్మల్ని అడగాలంటే, ముందు మేం మా వాళ్లని మనుషులుగా చూడాలి.

అందుకే మేం అడుగుతున్నది చిన్నదే. మాలో గొప్పవాడిని చూపించి మా అందరికీ దండ వెయ్యొద్దు. చెడ్డవాడిని చూపించి మా అందరికీ బేడీ వెయ్యొద్దు. తబలా రాని జాకీర్ హుస్సేన్‌గా, బాక్సింగ్ తెలియని మహమ్మద్ అలీగా, బ్యాటు పట్టని ఆబిద్‌గా బతకనివ్వండి. మాలో పిరికివాళ్లుంటారు, తిక్కవాళ్లుంటారు, బద్ధకస్తులుంటారు, మంచి పాటగాళ్లూ ఉంటారు. మీలో లాగే.

పేరుతో పాటు జిల్లా కూడా చదువుతాడు కాబట్టే పోస్టుమాన్ మా ఎలమంచిలి ఉత్తరం పాలకొల్లు దగ్గరి యలమంచిలికి పంపడు. మా పేరు దగ్గర మీరూ ఆగిపోకండి. కింద అడ్రసు రాసి ఉంది. అది కూడా చదవండి. ఎలమంచిలి, అనకాపల్లి జిల్లా.