వాగులో పడే మురుగుకు లెక్క ఎవరు చెప్పాలి?

టేకులపల్లి అడవి దాటితే కొత్తగూడెం. ఆ పట్టణం మీదుగా పారే ముర్రేడు వాగు కిన్నెరసానిలో, కిన్నెరసాని గోదావరిలో కలుస్తాయి. కాబట్టి ఇక్కడి మురుగు ఒక్క ఊరి గొడవ కాదు.

శుద్ధి చేసి వదిలే మురుగునీటి బీఓడీ, అంటే అందులోని కుళ్లు పదార్థాన్ని తినే సూక్ష్మజీవులు వాడుకునే ప్రాణవాయువు, మెట్రో నగరాల్లో లీటరుకు 20, మిగతా చోట్ల 30 మిల్లీగ్రాములు మించరాదని 2017లో కేంద్రం చెప్పింది. 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని 10కి బిగించి, చిన్న పట్టణాలకూ వర్తింపజేసింది. ఉద్దేశం మంచిదే.

మరి స్తోమత? హైదరాబాద్‌లో 31 కొత్త శుద్ధి కేంద్రాలకు 2021లో రాష్ట్రం రూ.3,866 కోట్లు మంజూరు చేసింది. చిన్న పురపాలికకు అలాంటి అండ ఏది?

కట్టడం ఒక్కటే కాదు, నడపడమూ కష్టమే. ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్లు కరెంటు లేక ఆగితే మురుగును తినే సూక్ష్మజీవులు ఊపిరాడక చస్తాయి. మళ్లీ దారికి రావడానికి రోజులు పడతాయి. శుద్ధి ఎంత వెనకబడిందో చూడండి: 2021 నాటి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కల్లో దేశ పట్టణాల మురుగు రోజుకు 72,368 మిలియన్ లీటర్లు. శుద్ధి అయ్యేది 20,235 మాత్రమే.

అందుకని నిబంధన సడలించమనడం సరికాదు. ముందు ప్రతి ఇంటి మురుగూ శుద్ధి కేంద్రానికి చేరాలి. నిర్వహణకు ఏటా విడిగా నిధి కేటాయించాలి. నీటి పరీక్షల ఫలితాలు ప్రతి నెలా పురపాలిక గోడ మీద అతికించాలి. ఆ కాగితం కనిపించకపోతే కౌన్సిలర్‌ను నిలదీసి అడగండి.