చలిలో డ్రోన్
లడఖ్‌లోని ద్రాస్‌లో శీతకాలపు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 20 డిగ్రీలకు సైతం చేరుతుంది. అట్టి చోట కెమెరా డ్రోన్ ఎగురవేయగోరేవారు మొదట బ్యాటరీని గూర్చి ఆలోచించాలి. చలికి లిథియం బ్యాటరీలోని రసాయన చర్యలు మందగిస్తాయి; అంతర్నిరోధం పెరుగుతుంది. తెరమీద ఇంకా విద్యుత్తు ఉన్నట్లు కనిపిస్తుండగానే యంత్రం హఠాత్తుగా నేలకూలవచ్చు. తేమగాలిలో రెక్కలపై మంచు పేరుకొంటే ఎగిరే శక్తి క్షీణిస్తుంది. అందుచేత బ్యాటరీని సుమారు 20 డిగ్రీల వరకు వెచ్చబరచి, కొద్దిసేపు తక్కువ ఎత్తున నిలిపి పరీక్షించి, విద్యుత్తు తరగకమునుపే దించడం వివేకం. తయారీదారులు సూచించిన ఉష్ణోగ్రతా పరిమితిని అతిక్రమించడాన్ని కొందరు సాహసమంటారు. క్రింద నడిచే మనుషుల దృష్టిలో అది నిర్లక్ష్యమే. తప్పిన చిత్రాన్ని మరునాడు తీయవచ్చు. ప్రమాదం జరిగిన పిమ్మట విచారించి ప్రయోజనం లేదు.