మహాసభలు గోదావరి ఒడ్డుకు రావాలి

ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన ఊళ్ల పేర్లు ఒకసారి వరుసగా చదవండి. 1975లో హైదరాబాద్. 1981లో కౌలాలంపూర్. 1990లో మారిషస్. 2012లో తిరుపతి. 2017 డిసెంబర్‌లో మళ్లీ హైదరాబాద్, ఎల్బీ స్టేడియం, ఐదు రోజులు. ఇందులో ధర్మపురి లేదు. ఉట్నూరు లేదు, భద్రాచలం లేదు, పాడేరు లేదు. ఎందుకు లేవంటే వచ్చే జవాబు మనకు తెలిసిందే: విమానం ఎక్కడ దిగుతుంది, అతిథులు ఎక్కడ పడుకుంటారు?

ఈ జవాబును నేను ఒప్పుకోను. కౌలాలంపూర్‌కు, మారిషస్‌కు సభలు ఎందుకు పోయాయి? రబ్బరు తోటలకు, చెరకు తోటలకు కూలికి పోయిన తెలుగువాళ్ల మనుమలు, మునిమనుమలు అక్కడ ఉన్నారు గనుక. కూలీల వారసుల కోసం సముద్రం దాటిన సభకు గోదావరి ఒడ్డు దూరమైందా? కూలికి దేశం దాటడమే కొలత అయితే, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్లను అడగండి. ఇక్కడ దుబాయి, మస్కట్ పేర్లు ముసలమ్మలకు కూడా నోటికి వస్తాయి.

ధర్మపురిలో నక్షత్రాల హోటళ్లు లేవు, నిజమే. కానీ 2015 జులైలో తెలంగాణ ప్రభుత్వం గోదావరి పుష్కరాలను ప్రారంభించింది ఈ ఊళ్లోనే. లక్షల మంది వచ్చి మునిగి పోయారు. 2027లో మళ్లీ పుష్కరాలు. ఘాట్లు, బస్సులు, గుడారాలు, నీళ్ల ట్యాంకర్లు మళ్లీ వస్తాయి. దేవుడి పేరు మీద దొరికేవి భాష పేరు మీద ఎందుకు దొరకవు?

పైగా తెలుగుకు ధర్మపురి కొత్త ఊరేం కాదు. నరసింహ శతకం చెప్పిన శేషప్ప ఇక్కడివాడే. ప్రతి పద్యం మకుటంలోనూ ఈ ఊరి పేరుంది. బడి పిల్లలు తరతరాలుగా దాన్ని పలుకుతూనే ఉన్నారు.

అయినా నేను ధర్మపురిని అడిగేది శేషప్ప కోసం కాదు, రాయపట్నం వంతెన కోసం. ఈ ఒడ్డున నాయకపోడు గూడేలు. వంతెన దాటితే లక్సెట్టిపేట, ఆ పక్కన దండేపల్లి, జన్నారం, ఇంకా పైకి పోతే ఉట్నూరు. గోండు, కొలాం జనం ఉన్న నేల అది. దీపావళి ముందు దండారీ మొదలుపెట్టడానికి మనోళ్లు గుడిరేవులో పద్మల్‌పురి కాకో దగ్గరికి వస్తారు. నాగోబా పూజకు మెస్రం వంశంవాళ్లు గోదావరి నీళ్ల కోసం కేస్లాపూర్ నుంచి జన్నారం మండలం దాకా కాలినడకన వస్తారు. ఏ హోటల్లోనూ గది తీసుకోరు.

ఇక భాష సంగతి. టీచర్లకు ఇది మరీ ముఖ్యం. తెలుగుకు దగ్గరి చుట్టం ఎవరంటే మన పిల్లలు తమిళం, కన్నడం అంటారు. భద్రిరాజు కృష్ణమూర్తి లాంటి భాషాశాస్త్రవేత్తలు తేల్చింది వేరు. తెలుగు ఉన్న శాఖలోనే గోండి, కొండ, కుయి, కువి ఉన్నాయి. అంటే తెలుగు తోబుట్టువులు అడవిలో ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షలకు పైనే. ఎనిమిదో షెడ్యూల్లో దానికి చోటు లేదు. తెలుగు పేరుతో ప్రపంచమంతా పిలిచి సభ పెట్టి, సొంత చెల్లెలిని గుమ్మం బయట నిలబెట్టడం ఏం మర్యాద? పెద్ద సభల్లో మనకు దొరికే పని ఒకటే: నెమలి ఈకల టోపీలు పెట్టుకొని మంత్రిగారి ముందు ఆడి, ఆయన కూర్చోగానే పక్కకు తప్పుకోవడం. గుస్సాడీని ఆడిస్తారు గానీ, గోండిని మాట్లాడనివ్వరు.

సభ ఎక్కడ పెడుతున్నామన్నది ఎవరిని లోపలికి రానిస్తున్నామన్న దాన్ని తేలుస్తుంది. ఇది నిజాం సర్కారుకు కూడా అర్థమైంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపాక, గోండుల స్థితి చూడమని హైమెండార్ఫ్‌ను పంపారు. ఆయన సూచనతోనే నాగోబా జాతరలో దర్బార్ మొదలైంది. జనాన్ని హైదరాబాద్ రమ్మనలేదు. జనం ముందే కూడే చోటికి అధికారులనే రమ్మన్నారు. ఆ దర్బార్‌లో ఇచ్చిన అర్జీలన్నీ తీరాయని నేననను. కానీ అర్జీ ఇవ్వడానికి బస్సు చార్జీ అప్పు చేయాల్సిన పని తప్పింది.

కాబట్టి మనం అడగాల్సింది వేదిక మీద ఒక కుర్చీ కాదు, వేదికనే. ఈసారి మహాసభలు ధర్మపురిలో పెట్టాలి. గోండి, కొలామీ, నాయకీలకు ఒక్కో రోజు ఇవ్వాలి. మాట్లాడేవాళ్లు తమ భాషలోనే మాట్లాడాలి, వినేవాళ్లకు తెలుగులో చెప్పేవాళ్లు ఉండాలి. ఆ మనుషుల్ని ఎక్కడి నుంచి తెస్తారని ఎవరైనా అడిగితే, ఆశ్రమ పాఠశాలల్లో ఒకటో తరగతికి రోజూ పొద్దున ఆ పనే చేస్తున్న మన టీచర్ల పేర్లు రాసి ఇద్దాం.