నేల ఖాళీగా ఉండే ఏడు నెలలు

అమెరికాలోని అయోవా రాష్ట్ర రాజధాని డిమోయిన్ నగరంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ 2025 జూన్ 12న ఇళ్ల ముందు పచ్చికకు నీళ్లు పెట్టడాన్ని నిషేధించారు. కరువొచ్చి కాదు. నగరానికి నీళ్లిచ్చే రకూన్, డిమోయిన్ నదులు రెండూ పారుతూనే ఉన్నాయి. ఆ నీటిలో కరిగి ఉన్న నైట్రేట్‌ను తీసి జనానికి అందించే వేగం వాడకానికి చాలలేదు, అంతే. సుమారు ఆరు లక్షల మంది ఆ నీటి మీద ఆధారపడ్డారు. ఉద్యోగాల కోసం వెళ్లి అక్కడ స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలు కూడా అందులో ఉన్నాయి. నైట్రేట్ రూపంలోని నత్రజని లీటరు తాగునీటికి 10 మిల్లీగ్రాములు మించకూడదని అక్కడి చట్టం. మన దేశంలో మొత్తం నైట్రేట్‌ను కొలిచి 45 మిల్లీగ్రాములంటాం. లెక్క వేరైనా గీత దాదాపు ఒకటే. అది దాటిన నీళ్లతో పాలు కలిపి పట్టిస్తే నెలల పసికందుల రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలం తిరుగుతుంది. అందుకే ఆ నగరం 1990ల మొదట్లోనే నైట్రేట్‌ను వడగట్టే ప్రత్యేక యంత్రాగారం కట్టుకుంది. అది నడిచిన ప్రతి రోజూ వేల డాలర్ల ఖర్చు. ఆ ఖర్చు చేరేది నీటి బిల్లుల్లోకి.

ఆ నైట్రేట్ ఎక్కడిదో దాచాల్సిన రహస్యమేమీ లేదు. నగరానికి ఎగువనున్న పొలాలది. మంచు యుగం చివర హిమానీనదం కరిగి వెనక్కి పోతూ వదిలిన చదునైన నల్లమట్టి నేల అది. నీళ్లు ఎటూ పోయే దారిలేక మడుగులు కట్టిన ప్రాంతం. పంతొమ్మిదో శతాబ్దపు రైతులు కాల్చిన మట్టి గొట్టాలను మూడు నాలుగడుగుల లోతున వరసలుగా పాతిపెట్టి నీటిని లాగేశారు. ఇప్పుడు వాటి స్థానంలో చిల్లులున్న ప్లాస్టిక్ గొట్టాలొచ్చాయి. ఆ గొట్టాలే లేకపోతే మొక్కజొన్నలో అమెరికాకే మొదటి స్థానంలో నిలిచే అయోవా వసంతమంతా బురదలో కూరుకుని ఉండేది. కాబట్టి గొట్టాలు తవ్వి పారేయమనడం అసలు చర్చే కాదు. చిక్కల్లా నైట్రేట్ స్వభావంలో ఉంది. మట్టి రేణువులకు ఉన్నదీ రుణావేశమే, నైట్రేట్‌కు ఉన్నదీ రుణావేశమే. అందుకని అది మట్టిని అంటుకోదు, నీరు ఎటు పోతే అటు పోతుంది. పూర్వం ఆ నీరు గాలి ఆడని చిత్తడి నేలల గుండా మెల్లగా ఊరుతూ పోయేది. దారిలో సూక్ష్మజీవులు నైట్రేట్‌ను విరిచి నత్రజని వాయువుగా మార్చి గాలిలో కలిపేసేవి. గొట్టం వచ్చాక ఆ దారి తప్పిపోయింది. వేరు కింది నీరు నేరుగా వాగులో పడుతోంది.

ఇది వినగానే చాలామందికి తట్టే తీర్పు ఒకటుంది: రైతు ఆశకొద్దీ ఎరువు ఎక్కువ వేస్తున్నాడు, తగ్గిస్తే సరిపోతుంది. నేను ఒప్పుకోలేని మాట ఇదే. అయోవాలో డాన్ జేన్స్ బృందం 1996 నుంచి 1999 దాకా ఒక రైతు పొలంలోనే మూడు మోతాదుల్లో నత్రజని వేసి, గొట్టాల్లోంచి వచ్చిన నీటిని కొలిచింది. అధిక మోతాదులో హెక్టారుకు ఏడాదికి 48 కిలోల నత్రజని కారిపోయింది. మధ్యస్థ మోతాదులో 35 కిలోలు. ఎరువును మూడో వంతుకు కుదించిన మడిలో కూడా 29 కిలోలు పోయాయి! మన 45 కిలోల యూరియా బస్తాల్లో చెబితే, ఎంత పొదుపుగా వేసినా హెక్టారుకు దాదాపు బస్తాన్నర గొట్టం పాలు. ఆ తక్కువ మోతాదుకు మొక్కజొన్న దిగుబడి పడిపోయింది కూడా. అంటే కారిపోతున్న దాంట్లో పెద్ద భాగం ఆ ఏడు రైతు సంచిలోంచి పడింది కాదు. ఆ నల్లమట్టిలోని సేంద్రియ పదార్థంలో ఎకరానికి వేల కిలోల నత్రజని బిగిసి ఉంది. వసంతంలో నేల వేడెక్కగానే అందులో కొంత నైట్రేట్‌గా విడుదలవుతుంది. అక్టోబరులో కోత అయిపోయాక మళ్లీ మే నెలలో విత్తేదాకా ఆ పొలాల్లో బతికున్న వేరు ఒక్కటీ ఉండదు. విత్తాక కూడా జూన్ దాకా మొక్క తాగేది అంతంత మాత్రం. మంచు కరిగి, వానలు కురిసి, గొట్టాలు నిండుగా పారేది సరిగ్గా ఆ ఏప్రిల్, మే, జూన్ నెలల్లోనే. వంట సిద్ధమయ్యే వేళకు తినేవాడు ఇంట్లో లేడు. పోతున్నదానికి మోతాదు కంటే ఈ కాలం లెక్కే పెద్ద కారణం.

దీనికి తిరుగులేని సాక్ష్యం 2012, 2013 సంవత్సరాలది. 2012లో ఘోరమైన కరువు వచ్చి మొక్కజొన్న ఎండిపోయింది. వేసిన నత్రజనిని తాగే పైరు లేక అది మట్టిలోనే మిగిలింది. చలికాలమంతా నేల ఖాళీ. 2013 వసంతంలో వానలు విరుచుకుపడ్డాయి. ఆ మే నెలలో రకూన్ నదిలో నైట్రేట్ నత్రజని లీటరుకు 24 మిల్లీగ్రాములు దాటింది. 2012లో ఎరువు వేసిన రోజున ఏ రైతుకూ రాబోయే కరువు తెలియదు. అతడు చేసిన తప్పేమీ లేదు. అక్టోబరులో ఆ పొలంలో ఏదో ఒక పచ్చని మొక్క వేళ్లూనుకుని ఉంటే మాత్రం అందులో చాలా భాగం మొక్కలోనే ఆగేది.

మోతాదును ఒత్తిపట్టి తగ్గిస్తే ఏమవుతుందో డెన్మార్క్ చూసింది. అక్కడ కూడా సాగుభూమిలో దాదాపు సగం కింద గొట్టాలున్నాయి. 1987లో పార్లమెంటు నీటి పరిరక్షణ ప్రణాళిక పెట్టుకుని, ఎరువుకు కోటాలు విధించి, పేడ నిల్వకు నిబంధనలు తెచ్చి, కోత తర్వాత కొంత భూమిలో పచ్చిపైరు తప్పనిసరి చేసి, కొన్నేళ్లలో నత్రజని నష్టాన్ని దాదాపు సగానికి తెచ్చింది. అది నిజంగా గొప్ప పని. కానీ 1990ల చివర కోటాను పంటకు లాభదాయకమైన మోతాదు కంటే కూడా కిందికి దించారు. గోధుమలో, బార్లీలో మాంసకృత్తులు తగ్గాయి, రైతులు గట్టిగా ఎదురుతిరిగారు, 2016 నుంచి కోటాను మళ్లీ పెంచాల్సివచ్చింది. దానికి బదులుగా నీరు ఎక్కువ దెబ్బతినే ప్రాంతాల్లో కోతానంతర పైరును పెంచే దారి పట్టారు. ముప్పై ఏళ్ల అనుభవంతో ఆ దేశం చేరుకున్న చోటు అదే: పంటకు కావలసినంత ఇవ్వు, పంట లేనప్పుడు నేలను ఖాళీగా ఉంచకు.

అయోవా కూడా 2013లో తన వ్యూహ పత్రం రాసుకుంది. ఏ పని చేస్తే ఎంత నైట్రేట్ తగ్గుతుందో శాస్త్రవేత్తలు అందులో లెక్కగట్టారు. శరత్కాలంలో వేసే ఎరువును వసంతానికి మారిస్తే 6 శాతం. నైట్రేట్‌గా మారడాన్ని నెమ్మదింపజేసే మందు కలిపితే 9 శాతం. మోతాదును ఆర్థికంగా సరైన చోటికి తెస్తే 10 శాతం, దిగుబడిలో ఒక శాతం కోత. ఇవన్నీ చేయాల్సినవే. రైతుకు డబ్బు మిగిల్చేవి కూడా. కానీ లక్ష్యం 45 శాతం తగ్గించడమైతే వీటితోనే అక్కడికి చేరలేం. కోతకు ముందో వెనకో రై అనే చలికాలపు గడ్డిజాతి పైరు చల్లితే సగటున 31 శాతం తగ్గుతుంది. ఆ పద్ధతి తెలుగు రైతుకు పరాయిది కాదు. కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందే నిలువు చేలో మినుము చల్లి, వరి మోళ్ల మధ్య దాన్ని పెంచడం ఏ విశ్వవిద్యాలయమూ పుట్టకముందు నుంచీ ఉంది. జనుము, పిల్లిపెసర కూడా అలా చల్లినవే. అయోవాలో ఇప్పుడు విమానాల నుంచి నిలువు మొక్కజొన్నలో రై విత్తనం చల్లుతున్నారు.

ఇక్కడ రైతు వేసే ప్రశ్న న్యాయమైనది. అదే పత్రం ప్రకారం రై తర్వాత వేసిన మొక్కజొన్న దిగుబడి సగటున 6 శాతం తగ్గింది. నీటి కోసం 6 శాతం పంట వదులుకోమంటే ఎవరు వింటారు? ఆ సగటు వెనక ఏముందో చూడాలి. రై గడ్డి కుళ్లేటప్పుడు మట్టిలోని నత్రజనిని కొన్నాళ్లు తనలోనే పట్టి ఉంచుతుంది, లేత మొక్కజొన్నకు ఆకలి వేస్తుంది. విత్తడానికి పది, పద్నాలుగు రోజుల ముందే రైని చంపేసి, విత్తేటప్పుడు సాలు పక్కన కొంచెం నత్రజని ఇస్తే ఆ నష్టం చాలావరకు పూడుతుంది. అంతకంటే సులువైన దారి ఉంది. సోయా చిక్కుడుకు ముందు రై వేయడం. సోయా తన నత్రజనిని తానే సంపాదించుకుంటుంది కనుక దానికి ఇబ్బంది ఉండదు. మొక్కజొన్న, సోయా ఏడాది మార్చి ఏడాది వచ్చే నేలలో సగం భూమి ఎప్పుడూ సోయా వంతుకు సిద్ధంగా ఉంటుంది. ముందు అక్కడ మొదలుపెట్టవచ్చు. ఇంకాస్త ధైర్యం చేసేవాళ్లకు అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్ల మార్స్‌డెన్ క్షేత్రం ఉంది. మాట్ లీబ్‌మన్, ఆడమ్ డేవిస్ తదితరులు అక్కడ మొక్కజొన్న, సోయాల వరసలో ఓట్స్, రెడ్ క్లోవర్, అల్ఫాల్ఫా చేర్చి మూడేళ్ల, నాలుగేళ్ల పంటమార్పిడి నడిపారు. 2012లో అచ్చయిన ఫలితాల్లో ధాన్యం దిగుబడి రెండేళ్ల పద్ధతికి సమానం లేదా ఎక్కువ, లాభం కూడా సమానం. కొన్న ఎరువు చాలా తక్కువ, మనిషి పని మాత్రం ఎక్కువ. ఆ చివరి మాటను దాటవేయకూడదు. వేల ఎకరాలు ఒకరిద్దరే సాగుచేసే చోట మనిషి పనే ఖరీదైన సరుకు. పైగా ఓట్స్, గడ్డి కొనే పశువుల పాకలు దగ్గర్లో ఉండాలి.

అందుకే పొలంలో పచ్చదనం ఒక్కటే చాలదు, గొట్టం మూతి దగ్గర కూడా పని ఉంది. మన చెరువు తూముకు పలకలు వేసి నీటిమట్టం నిలిపినట్టే, గొట్టం బయటకు వచ్చే చోట పెట్టె కట్టి పలకలు దించితే, అక్కరలేని నెలల్లో నీరు నేలలోనే ఆగుతుంది. విత్తే ముందు పలకలు ఎత్తేస్తే చాలు. నైట్రేట్ నష్టం 33 శాతం తగ్గుతుంది, పంటకు చేటు లేదు. చేను అంచున గోతి తవ్వి చెక్కపేళ్లు నింపి గొట్టం నీటిని అందులోంచి పోనిస్తే, సూక్ష్మజీవులు ఆ చెక్కలోని కార్బన్ తింటూ నైట్రేట్‌ను వాయువుగా విడగొడతాయి. దానివల్ల 43 శాతం. వాగు గట్టున గడ్డిపట్టీ కిందికి గొట్టం నీటిని అడ్డంగా మళ్లిస్తే సగం పోతుంది. ఈ ఉపాయాన్ని జేన్స్, టామ్ ఐసెన్‌హార్ట్ 2010లో బేర్ క్రీక్ వాగు ఒడ్డున మొదట పరీక్షించారు. సరైన చోట కట్టిన చిత్తడి మడుగు కూడా సగం పైగా తీసేస్తుంది. ఇవి గొట్టం దాటించిన పాత చిత్తడి పనిని మళ్లీ చేయించే మార్గాలు. వీటినుంచి నైట్రస్ ఆక్సైడ్ అనే వేడిని పట్టే వాయువు వస్తుంది కదా అని అభ్యంతరం చెప్పేవాళ్లున్నారు. కొంత వస్తుంది. అయితే విరగని నైట్రేట్ కూడా దిగువ వాగుల్లో, నదుల్లో అదే వాయువును పుట్టిస్తూ పోతుంది. కార్బన్ సమృద్ధిగా ఉండి నీరు తగినంత సేపు నిలిచే నిర్మాణంలో ఎక్కువ భాగం హానిలేని నత్రజనిగానే మారుతుంది. గొయ్యిని సరిగా కట్టమనడానికి అది కారణం, కట్టొద్దనడానికి కాదు.

ఇంత తెలిసీ ఎందుకు జరగడం లేదు? చెక్కపేళ్ల గొయ్యి వల్ల ఆ చేలో ఒక గింజ కూడా ఎక్కువ పండదు. ఖర్చు పొలం యజమానిది, మేలు వంద మైళ్ల దిగువన ఉన్న తల్లిది. అయోవా వ్యూహం అంతా స్వచ్ఛందం. 2022 వ్యవసాయ గణనలో అక్కడ కోతానంతర పైరు ఉన్నది సుమారు 13 లక్షల ఎకరాల్లో. లక్ష్యం చేరాలంటే కోటి ఎకరాలు దాటాలి. మిసిసిపీ నది మోసుకుపోయిన ఎరువుతో మెక్సికో సింధుశాఖలో ఏటా ఏర్పడే ప్రాణవాయువు లేని ప్రాంతం 2017లో 22 వేల చదరపు కిలోమీటర్లు దాటింది. దాన్ని 5 వేలకు తెస్తామన్న గడువు మొదట 2015. ఇప్పుడది 2035. డిమోయిన్ నీటి సంస్థ 2015లో మూడు కౌంటీల మురుగు బోర్డుల మీద దావా వేసింది. ఆ బోర్డులకు చట్టపరమైన రక్షణ ఉందని రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పాక 2017లో అది కొట్టివేతకు గురైంది. ఆ ఓటమి తర్వాత అక్కడ మర్యాదగా అడగడం తప్ప మరేం మిగల్లేదు.

నా వాదన ఏమిటంటే, రైతును అడగాల్సింది వేరు, భూస్వామిని అడగాల్సింది వేరు. అయోవా సాగుభూమిలో సగానికి పైగా కౌలుది. ఎరువు వేసేది కౌలురైతు, గొట్టం భూస్వామి ఆస్తి. ఏటా లాభనష్టాల అంచున నడిచే కౌలురైతుకు చలికాలపు పైరు కోసం ప్రజాధనం ఇవ్వాలి. మేరీల్యాండ్ రాష్ట్రం చీసపీక్ అఖాతం కోసం ప్రజల దగ్గర వసూలు చేసిన రుసుములోంచే రైతులకు ఎకరాల లెక్కన డబ్బిచ్చి చలికాలపు పైరు వేయిస్తోంది. గొట్టం సంగతి వేరు. పాత మట్టి గొట్టాలు నూరేళ్లు నిండి ఇప్పుడు మార్పిడికి వస్తున్నాయి, యజమానులు లక్షల డాలర్లు పెట్టి కొత్తవి, దగ్గర దగ్గరగా వేయిస్తున్నారు. దానివల్ల దిగుబడి పెరుగుతుంది, భూమి ధర పెరుగుతుంది. ఆ పెరిగే లాభంలోంచి మూతి దగ్గర తూము పెట్టె, గొయ్యి లేదా గడ్డిపట్టీ కట్టడం తప్పనిసరి షరతు కావాలి. ఇది ఆస్తి హక్కులో జోక్యం అంటారు. తన చేలో నీటిని ఊరుమ్మడి కాలువలోకి వదిలే హక్కును యజమానికి ఇచ్చింది చట్టమే. ఇచ్చిన చట్టమే షరతు పెట్టగలదు. చిన్న చిన్న పనులకు కాంట్రాక్టరు దొరకడన్న సాకుకూ జవాబు దొరికింది. డిమోయిన్ ఉన్న పోక్ కౌంటీ 2021లో పదుల కొద్దీ పొలాల పనులను ఒకే కట్టగా చేసి, టెండరు, డబ్బు, పర్యవేక్షణ తానే చూసుకుని కట్టించింది. రైతు చేసింది సంతకం పెట్టి చోటివ్వడమే.

ఈ లెక్కలన్నీ మన వరి మాగాణికి అలాగే అంటించడం పొరపాటు. నీళ్లు నిలిచిన మడిలో యూరియా నత్రజని ఎక్కువగా అమ్మోనియాగా గాలిలోకి పోతుంది, నైట్రేట్‌గా కిందికి దిగేది తక్కువ. అక్కడ మన వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే పద్ధతే సరైనది: నీరు తీసి బురద పదునులో యూరియా చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలచగా నీరు పెట్టడం. ఆ రోజుల్లో మురుగు కాలువ వైపు గండి మూసి ఉంచడం. వరి తర్వాత మినుము పోయి, బస్తాల కొద్దీ యూరియా తాగే మొక్కజొన్న వచ్చిన పొలాల సంగతి మాత్రం అయోవాకు దగ్గర. కేంద్ర భూగర్భజల మండలి 2024 నివేదికలో దేశవ్యాప్తంగా పరీక్షించిన నమూనాల్లో దాదాపు 20 శాతం 45 మిల్లీగ్రాముల గీత దాటాయి. అందులో మురుగుదొడ్ల పాలు కూడా ఉంది, నిందంతా ఎరువుది కాదు. ఇక గొట్టాలు మనకూ కొత్త కాదు. 1990ల చివర డచ్చి సహకారంతో, బాపట్ల శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో కోనంకి, ఉప్పుగుండూరు పొలాల్లో చవుడు కడగడానికి వాటిని భూమిలో వేసి చూశారు, పంట మెరుగుపడింది. ఉప్పు దిగే దారిలోనే నైట్రేట్ కూడా దిగుతుంది. డెల్టా చవుడు నేలలకు ఇకమీదట అలాంటి గొట్టాల అంచనా తయారుచేసే ఇంజనీరు, గొట్టం పొడవు, లోతు రాసిన కాగితం మీదే తూము పెట్టెకూ, మురుగు కాలువలో కలిసే ముందు ఒక చిన్న తుంగ మడుగుకూ కావలసిన సెంట్ల భూమిని కూడా రాయాలి. కాలువ గట్టు వెంట ఆ సెంట్లు ఇప్పుడైతే ఉన్నాయి.