ఎక్కువ బరువు వేస్తే సేఫ్ కాదు

కాచిగూడ నుంచి తార్నాక వచ్చే దారిలో టవర్ క్రేన్ కనిపిస్తే మన చూపు హుక్కు మీదే ఉంటుంది. నేను మాత్రం దాని తోక వైపు చూడమంటాను. అక్కడుండే కాంక్రీట్ దిమ్మెలే కౌంటర్‌వెయిట్. క్రేన్ బ్యాలెన్స్ వాటి చేతిలోనే ఉంది.

"కాస్త బరువెక్కితే ఇంకా సేఫే కదా!" అని మన సివిల్ వాళ్లే అంటుంటారు. కాదు. హుక్కు ఖాళీగా ఉన్నప్పుడు ఆ దిమ్మెలే క్రేన్‌ను వెనక్కి గుంజుతాయి. 12 మీటర్ల దూరంలో ఒక్క టన్ను పెరిగినా 12 టన్ను-మీటర్ల మొమెంట్ అదనం. దానికి గాలి తోడైతే?

ఘనమీటరు కాంక్రీట్ సుమారు 2,400 కిలోలు. సెంట్రింగ్ పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు 5 శాతం చొప్పున పెరిగితే బరువు దాదాపు 16 శాతం పెరుగుతుంది. అందుకే స్లాబ్‌కి పోయగా మిగిలిన మాలుతో దిమ్మెలు పోయడం నాకు నచ్చదు. అది యంత్రంలో ఒక భాగం. క్రేన్ కంపెనీ డ్రాయింగ్ ప్రకారమే పోయాలి, తూకం వేయాలి, ఆ బరువు దిమ్మె మీదే రాయాలి. ముందు జిబ్ బిగించకుండా దిమ్మెలన్నీ ఎక్కించకూడదు. మాన్యువల్‌లో ఉన్న వరుసే పాటించాలి.

2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. అది టవర్ క్రేన్ కాదు. కానీ కూలింది లోడ్ పరీక్ష జరుగుతుండగానే. పరీక్ష పూర్తికాని క్రేన్‌ను నమ్మి దాని కింద మనుషుల్ని ఉంచకూడదు.

రేపు సైట్ ఇంజినీర్లం మనమే. సంతకం పెట్టేముందు "తూకం చీటీ ఏదీ?" అని అడుగుదాం. మేస్త్రీ నవ్వినా సరే.