పిల్లలకి స్కీయింగ్, మనకి సమోసాలా?

ఫిబ్రవరిలో బే ఏరియాలో చాలా స్కూళ్ళకి ఒక వారం సెలవులిస్తారు. దానికి 'స్కీ వీక్' అని ముద్దు పేరు. మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం నవంబరు నుంచే తాహో ప్లానింగ్ మొదలు. నాలుగు కుటుంబాలు, ఒక అద్దె ఇల్లు, ఒక ఎక్సెల్ షీటు. రైస్ కుక్కర్ ఎవరు తేవాలి, పులిహోర ఎవరు కలపాలి, ఆవకాయ సీసా ఎవరిది... అన్నిటికీ గళ్ళున్నాయి. పిల్లల పేర్ల ఎదురుగా 'స్కీ స్కూల్' అని ఉంటుంది. అమ్మానాన్నల పేర్ల ఎదురుగా? ఖాళీ.

నా గొడవంతా ఆ ఖాళీ గడితోనే.

మనవాళ్ళకి స్కీయింగ్ అంటే ఇంకో క్లాసు, అంతే. శనివారం లెక్కల ట్యూషన్, ఆదివారం కూచిపూడి, ఫిబ్రవరిలో స్కీయింగ్. పొద్దున్నే దింపెయ్యడం, మధ్యాహ్నం తెచ్చుకోవడం. మధ్యలో లాడ్జిలో కూర్చుని ఇంటి నుంచి తెచ్చిన సమోసాలు తింటూ లేఆఫ్‌లు, గ్రీన్ కార్డు డేట్ల గురించి చర్చలు. అయ్యా, దీన్ని స్కీ హాలిడే అనరు. నాలుగు గంటలు డ్రైవ్ చేసి వెళ్ళిన డే కేర్ అంటారు.

నేననేది ఒక్కటే. మీరు నేర్చుకునే ఉద్దేశం లేకపోతే పిల్లలతో స్కీ హాలిడే ప్లాన్ చెయ్యకండి. స్లెడ్డింగ్‌కి తీసుకెళ్ళండి, అది కూడా బంగారం లాంటి సెలవే. కానీ పిల్లల్ని కొండెక్కించి మనం కింద కూర్చోవడం తప్పు.

ఎందుకంటారా? మూడు సీజన్లు క్లాసులకి పంపితే ఎనిమిదేళ్ళ పిల్ల మీరు వెళ్ళలేని చోటికి వెళ్ళిపోతుంది. రేపు క్లాసు లేకుండా, పక్కింటి పదేళ్ళ కుర్రాడితో కలిసి వెళ్తుంది. బాగా మంచు పడ్డాక తాహో లాంటి చోట్ల చెట్ల మొదళ్ళ చుట్టూ వదులు మంచు గుంటలుంటాయి. ట్రీ వెల్ అంటారు. అందులో తలకిందులుగా పడితే పెద్దవాళ్ళే సొంతంగా బయటపడలేరు, ఊపిరాడక పోయిన వాళ్ళున్నారు. దానికి మొదటి జాగ్రత్త ఏమిటో తెలుసా? కనుచూపు మేరలో తోడు ఉండడం. లాడ్జిలో ఉన్న నాన్న తోడు కిందకి రాడు.

రెండోది, ఆ ఆట తెలియని వాడికి ప్రమాదం ఎక్కడుందో కూడా తెలియదు. పచ్చ వృత్తం, నీలం చతురస్రం, నల్ల డైమండ్ అని అమెరికాలో దారులకి గుర్తులుంటాయి. అవి ఆ కొండ వరకే లెక్క. ఒక కొండ మీద నీలం ఇంకో కొండ మీద నలుపంత కష్టంగా ఉండొచ్చు. కానీ మనకి ర్యాంకుల పిచ్చి కదా! "మా వాడు బ్లాక్ డైమండ్ చేసేశాడండీ" అని ఐఐటీ ర్యాంకులా చెప్పుకోవాలి.

ఈ గొప్పలు అద్దె షాపు దాకా వస్తే ఇంకా ప్రమాదం. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఎంత బలానికి విడిపోవాలో అక్కడ ఒక అంకె పెడతారు. అందుకే బరువు, ఎత్తు, వయసు, ఎంత దూకుడుగా స్కీ చేస్తారు అని అడుగుతారు, బూటు అరికొలత చూస్తారు. తొమ్మిదేళ్ళూ అంతకన్నా తక్కువున్న వాళ్ళకి ఒక మెట్టు తగ్గిస్తారు. అక్కడ "మా వాడు ఎక్స్‌పర్ట్" అని కోస్తే అంకె పెరుగుతుంది. పడినప్పుడు స్కీ ఊడాల్సిన చోట ఊడదు. ఆ మెలి మోకాలికి వెళ్తుంది. ఎర్ర బస్సులో హాఫ్ టికెట్టు కోసం వయసు మార్చి చెప్పిన జాతి మనది. ఇక్కడ మాత్రం నిజం చెప్పండి బాబూ.

"ఈ వయసులో కాలు విరిగితే ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ ఎవడు కడతాడు?" అని మీరు అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. స్కీయింగ్‌లో మోకాళ్ళకి దెబ్బలు తగలవని నేను చెప్పను. కానీ మొదటి రెండు రోజులూ మీరుండేది నడిచే బెల్టు పక్కన, దాదాపు మన అపార్ట్‌మెంట్ ర్యాంపంత వాలు మీద. హెల్మెట్ పెట్టుకుని, క్లాసు తీసుకుంటే చాలు. మోకాళ్ళు నిజంగానే బాగా లేకపోతే ఇంట్లో ఇంకొకరు నేర్చుకోండి. ఇద్దరిలో ఒక్కరైనా కొండ మీద ఉండాలి. యూట్యూబ్‌లో చూసి పిల్లలకి మీరే నేర్పేద్దామనే ఆలోచన మాత్రం వద్దు. టెస్టింగ్ లేని కోడ్‌ని శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లో పెడతామా?

ఇక ఖర్చు. పెద్ద కొండల్లో సెలవు రోజు కౌంటర్లో కొంటే ఒక్క టికెట్టే 200 డాలర్లు దాటొచ్చు. ఒలింపిక్స్ 1960లో జరిగిన కొండ మీదే మనం మొదటిసారి పడాలా? సోడా స్ప్రింగ్స్, తాహో డానర్ లాంటి చిన్న కొండలు మొదటిసారి వాళ్ళకి, పిల్లలకి సరిపోతాయి. క్లాసు, అద్దె సామాను, కొత్తవాళ్ళ లిఫ్టు కలిపి ప్యాకేజీలు దొరుకుతాయేమో చూడండి. స్కీ వీక్ బదులు జనవరిలో మామూలు రోజులు రెండు లీవు పెట్టండి. ట్రాఫిక్ సగం, క్యూలు సగం. పిల్లల సామాను కొనకండి, పాదాలు పెరుగుతాయి. ఊళ్ళోనే సీజన్ మొత్తానికి అద్దెకిచ్చే షాపులున్నాయి.

"మాది ఆల్ వీల్ డ్రైవ్" అని ధీమాగా బయల్దేరే వాళ్ళకి ఒక మాట. కాలిఫోర్నియాలో ఆర్2 పెడితే, నాలుగు చక్రాలకీ స్నో టైర్లున్న (ఎం ప్లస్ ఎస్ గుర్తు చాలు) ఆల్ వీల్ డ్రైవ్‌కి గొలుసులు కట్టక్కర్లేదు గానీ కార్లో ఉండి తీరాలి. వాటిని ఇంటి ముందే ఒకసారి కట్టి చూసుకోండి.

అసలు నేను నేర్చుకోమనడానికి పెద్ద కారణం ఇంకోటుంది. బేస్‌బాల్‌లో ప్రేక్షకులం, ఈతలో ప్రేక్షకులం, పిల్లల అమెరికా బాల్యం మొత్తానికి మనం డ్రైవర్లం, కెమెరామెన్లం. ఎనిమిదేళ్ళ పిల్లా, ప్రిన్సిపల్ ఇంజనీరూ ఒకే రోజు ఒకే మెట్టు మీద మొదలయ్యే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? నాన్న పడడం, నవ్వుతూ లేవడం పిల్లలు చూడాలి. పదిసార్లు 'ప్రయత్నించు నాన్నా' అని చెప్పడం కన్నా అది నయం.

ఏమంటారు? తిట్టాలనిపిస్తే తిట్టండి. జీన్స్ ప్యాంటు వేసుకుని మాత్రం మంచులోకి వెళ్ళకండి, తడిసి ముద్దయిపోతుంది :-)