దాటవేయబడు పాఠము

పదవ తరగతి జీవశాస్త్రమున ప్రత్యుత్పత్తి యను పాఠ మొకటి కలదు. అందు పుష్పములోని కీలాగ్రమును, పుప్పొడిని గూర్చి ఉపాధ్యాయులు నల్లబల్లపై చక్కని పటములు గీచి బోధింతురు. మానవ శరీరము వంతు వచ్చుసరికి స్వరము తగ్గును, పుటలు త్వరత్వరగా తిరుగును. "తక్కినది ఇంటివద్ద చదువుకొనుడు" అను వాక్యముతో పాఠము ముగియును. ఇంటివద్ద ఆ పుటలను బిగ్గరగా చదువగల బాలు డెవ్వడు? అన్ని పాఠశాలలందును ఇట్లే జరుగుచున్నదని నేననను. పెక్కింట జరుగుచున్నదని మాత్రము చదువరు లెరుగుదురు. ఈ యాచారము పిల్లలకు హాని చేయుచున్నదని నా నిశ్చితాభిప్రాయము.

మన తెలుగునాట పెక్కు కుటుంబములలో బాలిక సమర్తాడినపుడు జరుగు తంతును చూడుడు. బంధువులకు కబురు వెళ్లును. పిల్లను చాపమీద కూర్చుండబెట్టి చిమ్మిలి పెట్టుదురు, పేరంటాండ్రు హారతు లిత్తురు. కలవారి యింట పందిరియు, విందును, ఛాయాచిత్రములును గలవు. వీధివారి కెల్ల సంగతి తెలిసినది. ఏమి జరిగినదో తెలియనిది ఆ పిల్ల యొక్కతెకే! దూరముగా నుండుము, అది ముట్టకుము, ఇది ముట్టకుము అను ఆజ్ఞలు పది వినును గాని కారణ మొక్కటియు వినదు.

ఆమెకు చెప్పవలసినది యేమంత కష్టమైనది కాదు. మెదడు క్రింద బఠానీగింజయంత పీయూషగ్రంథి కలదు. దాని బరువు సుమారు అర గ్రాము. యుక్తవయస్సున మెదడు ప్రేరేపింపగా ఆ గ్రంథి రెండు హార్మోనులను రక్తమున విడుచును. హార్మోను అను పేరును 1905వ సంవత్సరమున ఆంగ్ల శాస్త్రజ్ఞుడైన స్టార్లింగు వాడుకలోనికి దెచ్చెను. దానికి మూలమగు గ్రీకు మాటకు ప్రేరేపించుట యని యర్థము. అవి అండాశయములను చేరగా, అందొక అండము పక్వమగును, ఈస్ట్రోజెను పుట్టును, దానిచే గర్భాశయపు లోపొర దళసరి యగును. అండము వెలువడిన పిమ్మట ప్రొజెస్టెరోను ఆ పొరను శిశువునకు పానుపువలె సిద్ధపరచి నిలుపును. గర్భము నిలువనిచో సుమారు రెండు వారములకు ఆ హార్మోను తగ్గిపోవును, పొర ఊడి రక్తముతో వెలికి వచ్చును. ఇది చెడురక్తము కాదు. శిశుపోషణకై కూర్చబడి, అవసరము లేక విడువబడినది మాత్రమే. మొదటి యొకటి రెండేండ్లు నెలలు క్రమము తప్పుట సాధారణము. అట్లని ఏడు దినములకు మించి స్రావమైనను, బడికి రాలేనంత నొప్పి కలిగినను వైద్యురాలికి చూపవలయును. సహజమేదో యెరుగని పిల్ల అసహజమును ఎట్లు గుర్తింపగలదు? రక్తహీనతచే పాలిపోయి, తల తిరుగుచు, అది తన ఖర్మమని యూరకుండును.

బాలుర సంగతి మఱొక విధము. వారిని కూర్చుండబెట్టి హారతు లిచ్చువారు లేరు, చెప్పువారును లేరు. అదే పీయూషగ్రంథి, అవే రెండు హార్మోనులు. బాలునియందు అవి వృషణములను మేల్కొలుపగా టెస్టోస్టెరోను పుట్టును, గొంతు బొంగురగును, మీసము మొలచును. జర్మనీ దేశమున గాటింగెన్ నగరమందు బెర్తోల్డు అను పండితుడు 1849లో కోడిపుంజులపై ఒక పరీక్ష చేసెను. వృషణములు తీసివేయబడిన పుంజులకు తురాయి ఎదుగలేదు, అవి పోరాటము మానెను. మఱికొన్నిటికి ఆ యవయవమును తిరిగి కడుపులో నాటగా అవి తక్కిన పుంజులవలెనే కూసెను. ఇంత వినోదకరమైన కథను కూడ మనము పిల్లలకు చెప్పము! నిద్రలో శుక్రము స్రవించుట సహజమనియు, దానివలన బలము తరగదనియు చెప్పనందున, బాలుడు రైలుకట్ట ప్రక్క గోడలమీది నరముల బలహీనత ప్రకటనలను నమ్మి, నకిలీ వైద్యులకు తండ్రి కష్టార్జితమును ధారపోయును.

ఇక తల్లిదండ్రులారా, ఒక మాట. ఆడపిల్లలనే కన్నదని కోడలిని నిందించు గృహములు నేటికిని గలవు. తల్లి అండమున ఎల్లప్పుడును ఎక్సు క్రోమోజోమే యుండును. తండ్రి శుక్రకణమున ఎక్సుగాని వైగాని యుండును, వై వచ్చినచో మగశిశువు. పిండిపురుగులను శోధించి నెట్టీ స్టీవెన్సు అను అమెరికా విదుషీమణి ఈ మర్మమునకు దారి చూపినది 1905లోనే. గర్భమందలి శిశువు ఆడో మగో తెలిసికొనుటను నిషేధించుచు మన దేశమున 1994లో శాసనమును చేయవలసి వచ్చినది. ఆ పాఠమును దాటవేసిన తరగతినుండియే రేపటి అత్తమామలును, భర్తలును వత్తురు గదా.

ఇట్టి సంగతులు చెప్పిన పిల్లలు చెడిపోవుదురని కొందఱు పెద్దలందురు. వారి భయము ప్రేమవలన గలిగినదే గాన నేను పరిహసింపను. కాని మనము చెప్పకున్నంత మాత్రమున వారు వినక మానరు. తోడిపిల్లలు చెప్పుదురు, చేతిలోని ఫోను మఱింత వికారముగ చెప్పును. బాలబాలికలకు వేర్వేరుగ బోధింపవలెనని మఱికొందఱి మతము. ప్రశ్నలకు వేర్వేరు వేళ లుండవచ్చును గాని, పాఠము మాత్రము ఇరువురును వినుట మేలని నా తలంపు. అక్కచెల్లెండ్ర బాధ నెరిగిన బాలుడు వారిని గేలి చేయడు.

వచ్చు సంవత్సరము ఈ పాఠమునకు నాలుగు పీరియడులు కేటాయింపవలెనని మనవి. పేరు వ్రాయని ప్రశ్నలను వేయుట కొక పెట్టెను తరగతిలో నుంచవలెను. మొదటి దినమున తల్లులను, వీలున్నచో తండ్రులను గూడ ఆహ్వానింపవలెను. గుండె, కన్ను, చెవి పటములు గోడలకు వ్రేలాడుచుండగా, ఈ యొక్క పటము మాత్రము చుట్టబడి బీరువాపై దుమ్ము పట్టియుండుట పెక్కు పాఠశాలలలో కలదు. దానిని దించి తక్కినవాని ప్రక్కనే తగిలింపవలెను.